జెర్సీ చూసి కాదు, లెక్క చూసి నమ్ముదాం

శనివారం వచ్చిందంటే సేక్కాన్‌లోని మా గదిలో సందడే సందడి. ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం మూడు గంటల మ్యాచ్ ఇక్కడ యాంగోన్‌లో రాత్రి ఎనిమిదిన్నరకి, చలికాలంలో తొమ్మిదిన్నరకి మొదలవుతుంది. తాపీ మేస్త్రీలు, వెల్డర్లు, సూపర్‌వైజర్లం అంతా ఒక్క టీవీ ముందు చేరతాం. సగం మంది మాంచెస్టర్ యునైటెడ్, సగం మంది లివర్‌పూల్. ఆట కన్నా విశ్లేషకుల మాటల మీదే మాకు గొడవ ఎక్కువ.

ఆ గొడవ మాటలతో పోతే ఇది రాసేవాళ్లం కాదు. మాలో ఒక శ్రీకాకుళం కుర్రాడు, తన జట్టు పాత ఆటగాడు గెలుపు ఖాయమన్నాడని, ఇంటికి పంపాల్సిన నెల డబ్బు పందెంలో పెట్టేశాడు. మొత్తం పోయింది. వాళ్లమ్మకి ఏం చెప్పాలో తెలీక మమ్మల్నే ఫోన్ చెయ్యమన్నాడు.

మన జట్టును పొగిడితే నిపుణుడు, తిడితే పక్షపాతి. ఇదీ మన కొలత! గ్యారీ నెవిల్ ఆడింది యునైటెడ్‌కే, జేమీ క్యారగర్ ఆడింది లివర్‌పూల్‌కే. నిజమే. ఎక్కడ ఆడాడన్నది అనుమానానికి కారణమవుతుందేగాని, చెప్పింది తప్పనడానికి రుజువు కాదు.

1995 ఆగస్టులో ఆస్టన్ విల్లా చేతిలో యునైటెడ్ 3-1తో ఓడినప్పుడు, కుర్రాళ్లతో ఏమీ గెలవలేరని అలన్ హాన్సెన్ బీబీసీలో తేల్చేశాడు. ఆ సీజన్‌లో యునైటెడ్ లీగ్, ఎఫ్‌ఏ కప్ రెండూ గెలిచింది. హాన్సెన్ పాత లివర్‌పూల్ ఆటగాడు కదా, అందుకే అలా అన్నాడంటారు మా యునైటెడ్ మిత్రులు. మాకు మాత్రం, ఒక్క మ్యాచ్ చూసి ఏడాదికి తీర్పు చెప్పడమే అతని తప్పనిపిస్తుంది. దానికి పక్షపాతం అక్కర్లేదు, తొందరపాటు చాలు.

గ్యారీ లినేకర్ సంగతి చూడండి. పుట్టిందీ లెస్టర్‌లోనే, ఆట మొదలుపెట్టిందీ లెస్టర్ జట్టుతోనే. అయినా ఆ జట్టు లీగ్ గెలిస్తే లోదుస్తులతో టీవీ కార్యక్రమం చేస్తానని 2015 డిసెంబరులో అన్నాడు. 2016లో లెస్టర్ గెలిచింది. ఆగస్టులో ఆయన మాట నిలబెట్టుకున్నాడు. లెక్క తప్పాడు, తప్పానని అందరి ముందూ ఒప్పుకున్నాడు.

సైట్‌లో మేస్త్రీ పేరు చూసి కాంక్రీటుకు మార్కులు వెయ్యం కదా! క్యూబులు పోసి, తేదీ రాసి, 7 రోజులకి, 28 రోజులకి మెషీన్‌లో పెట్టి పగలగొట్టి చూస్తాం. ఒక్క క్యూబుతో తేల్చం కూడా. విశ్లేషకులకీ అదే పరీక్ష పెట్టాం. ఎవరేం చెప్పారో మ్యాచ్‌కి ముందే తేదీ వేసి పుస్తకంలో రాస్తాం. పెనాల్టీ మీద తీర్పు చెబితే, జెర్సీలు తారుమారైనా అదే మాట అనేవాడా అని అడుగుతాం. ఎడమ బ్యాక్ ముందుకు పోతే వెనక ఖాళీ వస్తుందంటే ఆటలో చూసి తేల్చొచ్చు. వాళ్లలో కసి ఉందంటే దేనితో కొలుస్తాం?

పుస్తకం సగం నిండేసరికి మాకు తెలిసొచ్చింది ఒక్కటే. నమ్మదగ్గ విశ్లేషకుడు ఆటను అర్థమయ్యేలా చెబుతాడు, అంతేగాని గెలుపుకి హామీ ఇవ్వలేడు. అతని మాట మీద కూడా పందెం కాయకూడదు.

ఇప్పుడు ఆ పుస్తకం రాస్తున్నది ఆ శ్రీకాకుళం కుర్రాడే. మీ గదిలోనూ ఒకటి మొదలుపెట్టండి. ముందుగా మీ అభిమాన విశ్లేషకుడి పేరే రాయండి.