అడుగువారు లేని చోట



మేడారములో కాపురముండు క్రైస్తవ కుటుంబమునకు రెండేండ్లకొక పరీక్ష వచ్చును. మాఘమాసములో సమ్మక్క సారలమ్మ జాతరకు చిలకలగుట్ట నుండి సమ్మక్కను, కన్నెపల్లి నుండి సారలమ్మను గద్దెల యొద్దకు తెత్తురు. లక్షలాది ప్రజలు జంపన్న వాగులో స్నానము చేసి, బెల్లమును "బంగారము" అని పిలిచి సమర్పింతురు. ఆ దినములలో బంధువులు మన యిండ్లలోనే దిగుదురు. తిరిగి పోవునపుడు ఆ బంగారములో ఒక ముక్క మన చేతిలో పెట్టుదురు. అప్పుడు మనమెవరమో చెప్పక తప్పదు.

కొందరు ఆ నాలుగు దినములు ఇంటికి తాళము వేసి వెళ్లిపోవుదురు. వారిని తప్పు పట్టము గాని, అది సాక్ష్యమని అనలేము. 2024 ఫిబ్రవరి 21 నుండి 24 వరకు జరిగిన జాతరలో మా సంఘ సహోదరి యొకతె తలుపు తెరిచియుంచెను. వచ్చినవారికి నీళ్లు కాచియిచ్చెను, వండి పెట్టెను, పసిపిల్లల తల్లికి మంచమిచ్చి తాను నేల మీద పండుకొనెను. వెళ్లునపుడు ఆడబిడ్డ బెల్లము చేతికియ్యబోగా, "వదినె, మేము యేసుప్రభువును నమ్ముకున్నం. ఇది తీసుకోలేను. మనసుల పెట్టుకోకు, మల్ల జాతరకు గూడ మా ఇంటికే రావాలె" అనెను. ఆడబిడ్డ నొచ్చుకొనెను. ఆరు నెలలు మాటలు లేవు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదియవ అధ్యాయములో ఇట్టి సంగతియే యున్నది. కుటుంబ ప్రార్థనలో చదువుకొనుడి.

ఆ సహోదరి కుమారుడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. మేము అతని గదికి వెళ్లినపుడు బైబిలు పెట్టె అడుగున బట్టల క్రింద నుండెను. ఎవరైన ఎగతాళి చేయుచున్నారా అని అడిగితిమి. "లేదయ్యగారూ, ఎవరూ ఏమీ అనరు. అసలు ఎవరూ అడగరు" అనెను.

ఈ మాట ఆడబిడ్డ కోపముకంటె మమ్మును ఎక్కువగా కలవరపరచెను. ఇంగ్లాండు, వేల్సు దేశములలో తాము క్రైస్తవులమని జనాభా లెక్కలలో చెప్పుకొన్నవారు 2011లో నూటికి 59 మంది. 2021లో 46 మంది. అక్కడ ఎవరును వారిని కొట్టలేదు, చెరలో వేయలేదు. అడుగువారు లేకపోయిరి, చెప్పువారును తగ్గిపోయిరి. మన దేశములో రాజ్యము లౌకికమైనను, రాజ్యాంగము 25వ అధికరణము మన విశ్వాసమును బాహాటముగా చెప్పుకొను హక్కునిచ్చినది. హక్కు పెట్టెలో నుండి యేమి ప్రయోజనము?

1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు. ఆయన బాప్తిస్మము పొందినవారి చేతిని వారి తలమీదనే పెట్టించి, సువార్త చెప్పకపోయిన యెడల తమకు శ్రమ అని పౌలువలె పలికించెడివారు. వారిలో అనేకులు చదువు రాని కూలివారు. ఎవరో వచ్చి అడుగువరకు ఆగుమని ఆయన వారికి చెప్పలేదు.

మేము ఆ యౌవనునికి ప్రసంగమేమియు చేయలేదు. మెస్సులో అన్నము ముందర కన్నులు మూసి ప్రార్థించుమని మాత్రము చెప్పితిమి. పది దినములకు ఫోను చేసెను. ప్రార్థించుచుండగా ప్రక్కవాడు భుజము తట్టి, "ఏమన్నా, తలనొప్పా?" అని అడిగెనట.

నీవేమంటివని అడిగితిమి.

"కాదన్నా, ప్రార్థన చేసుకుంటున్న అన్న, అయ్యగారూ."