ముట్టుకొన్న తరువాత

వాక్యధ్యానము: మార్కు సువార్త 1:40–45

సువార్తలలోని అద్భుతాలను చదివేటప్పుడు కన్ను ఫలితం మీదికి పరుగెత్తుతుంది. గ్రుడ్డివాడు చూచాడు, కుంటివాడు నడిచాడు, కుష్ఠరోగి శుద్ధుడయ్యాడు. అంతవరకు తెలిసికొని పుస్తకం మూసివేస్తాము. మార్కు తన మొదటి అధ్యాయం చివర చెప్పిన కుష్ఠరోగి వృత్తాంతంలో మాత్రం ఫలితం కంటె క్రమాన్ని గమనించాలి. రోగి వచ్చాడు. మోకాళ్లూనాడు. తమకు ఇష్టమైతే తనను శుద్ధుని చేయగలరని వేడుకొన్నాడు. యేసు కనికరపడి, చేయి చాపి, అతనిని ముట్టుకొన్నాడు. మాట ఆ తరువాత వచ్చింది. స్వస్థత ఆ మాటకు కూడ తరువాత వచ్చింది. ఆ చేయి పడినప్పుడు ఆ దేహం ఇంకా రోగంతోనే ఉన్నది.

అంతకు ముందు ఆ దేహాన్ని ఎవరు ముట్టుకొని ఉంటారు? లేవీయకాండము పదమూడవ అధ్యాయం ప్రకారం అట్టివాడు బట్టలు చింపుకొని, తల విరబోసికొని, పై పెదవి కప్పుకొని, తాను అపవిత్రుడనని తానే కేకలు వేసికొంటూ పాళెము వెలుపల ఒంటరిగా నివసించాలి. ఇదే సంఘటనను వ్రాసిన లూకా, ఇతని దేహమంతా కుష్ఠు నిండి ఉన్నదని చెప్పాడు. పౌలు ఒక పత్రికలో లూకాను వైద్యుడని పేర్కొన్నాడు గనుక, ఆ మాటను వైద్యుని చూపుగా తీసికొన్నా తప్పు లేదు. అది నిన్న మొన్న వచ్చిన రోగం కాదు. భార్య చేయి, బిడ్డ చేయి, నీళ్లు అందించే పొరుగువాని చేయి, అన్నీ ఏ యేడో దూరమయిపోయి ఉంటాయి.

రోగం పోవడానికి స్పర్శ అవసరమై కూడ కాదు. లూకా పదునేడవ అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులు దూరముననే నిలిచి మొరపెట్టినారు. యాజకుల వద్దకు వెళ్లుడని పంపగా దారిలోనే బాగయ్యారు. మత్తయి సువార్తలో ఈ రోగి కథకు వెంటనే శతాధిపతి దాసుని కథ వస్తుంది. అక్కడ ప్రభువు ఆ యింటి గడప కూడ త్రొక్కలేదు. ఒక్క మాటతో ఎక్కడివాడినైనా బాగుచేయగలవాడు ఇక్కడ చేయి ఎందుకు చాపినట్లు? రోగానికి మాట చాలును. మనిషికి చేయి కావలసివచ్చింది.

ఇక్కడ ఒక పదాన్ని గూర్చి చెప్పక తప్పదు. లేవీయకాండములోని హీబ్రూ పదం ‘సారాఅత్’ మనుష్యుల చర్మానికే కాదు, బట్టలకు, ఇండ్ల గోడలకు కూడ పట్టునని అక్కడే వ్రాసి ఉన్నది. గోడకు పట్టేది ఈనాటి వైద్యులు చెప్పే కుష్ఠు కాజాలదు. గ్రీకు అనువాదకులు దానిని ‘లెప్రా’ అన్నారు; ఆ మాట వెంట అనేక భాషలలో అది ఒకే రోగం పేరుగా స్థిరపడినది. ఫలితంగా, ఎన్నో చర్మవికారాలను గూర్చి యాజకులకిచ్చిన విధులన్నీ ఒక్క రోగం గలవారి నెత్తిన పడినాయి. శాపమని, పాపఫలమని ఎంచడానికి లేఖనాన్నే సాక్ష్యంగా తెచ్చినవారు క్రైస్తవులలోను తక్కువమంది కారు. 1873లో నార్వే దేశపు హాన్సెన్ ఆ రోగానికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నాడు. అది శాపం కాదు, ఒక క్రిమి పని అని తేలి నూట యేబది యేండ్లు దాటినాయి. అయినా ఆ పేరు వినగానే కాలు వెనుకకు పడడం మానలేదు.

ఆ కాలు వెనుకకు పడడం మంచివారిలోనూ ఉంటుంది. తమిళనాడులోని కొల్లి కొండలలో జెస్సీ, ఎవలిన్ బ్రాండ్ దంపతులు మిషనరీలుగా పనిచేశారు. వారి కుమారుడు పాల్ 1914లో జన్మించాడు. అతని బాల్యంలో ఒకనాడు ముగ్గురు కుష్ఠరోగులు కొండ ఎక్కి వచ్చినారు. ఏ రోగినైనా ఉత్త చేతులతో పట్టుకొనే తండ్రి ఆనాడు చేతితొడుగులు ధరించి వారి పుండ్లు కడిగి కట్లు కట్టినాడు. పిల్లలను దగ్గరకు రావద్దన్నారు. ఆ దంపతులను తప్పుపట్టడం సులభం, న్యాయం మాత్రం కాదు. ఆ కాలానికి తెలిసిన వైద్యం అంతే. అందునా వారు రోగులను తరిమివేయలేదు, చేయగలిగినది చేశారు. జెస్సీ 1929లో జ్వరంతో మరణించినాడు. ఎవలిన్ వృద్ధాప్యంలో కూడ ఆ కొండలను విడువక, 1974లో మరణించేవరకు సేవ చేసినది.

పాల్ బ్రాండ్ ఇంగ్లండులో శస్త్రవైద్యం నేర్చి 1946లో రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చారు. మరుసటి సంవత్సరం చెంగల్పట్టులోని కుష్ఠురోగుల ఆశ్రమాన్ని చూడబోయారు. దాని అధిపతి రాబర్ట్ కోక్రేన్ చర్మవ్యాధి నిపుణుడు. గ్రద్దగోళ్లవలె ముడుచుకొనిపోయిన చేతులను చూచి, వీటిని గూర్చి ఎముకల వైద్యులెవరూ ఎందుకు పరిశోధించలేదని బ్రాండ్ అడిగారు. మీరెందుకు చేయరాదని కోక్రేన్ సమాధానం. అక్కడ ఒక రోగి చేతిలో తన చేయి పెట్టి గట్టిగా నొక్కమన్నారు బ్రాండ్. బలహీనమైన పట్టును ఊహించారు. రోగి నొక్కిన నొక్కుకు ఆయనకు కేక వేయవలసినంత నొప్పి కలిగింది. చేయి వంకరయినది గాని కండరాలలో బలం చెక్కుచెదరలేదు! పనిచేసే కండరపు నరాన్ని తెచ్చి, చచ్చుబడిన దాని స్థానంలో కలిపితే వ్రేళ్లు మరల తెరుచుకొంటాయన్న ఆలోచనకు మూలం ఆ పట్టు. తరువాత వందలాది చేతులు ఆ శస్త్రచికిత్సతో తెరుచుకొన్నాయి.

ముట్టుకొనకుండ ఇది తెలిసే మార్గం లేదు. వైద్యగ్రంథాలు ఆ చేతులను దూరం నుండి వర్ణించి వదలినాయి. చేతిలో చేయి పెట్టినవానికే వాటి బలం తెలిసింది. సువార్తలోని క్రమమే ఇక్కడ కూడ కనబడుతుంది. స్పర్శ ముందు, స్వస్థత తరువాత.

బ్రాండ్ జీవితంలోని మరొక ఘట్టం ఇంతకంటె చిన్నది. ఒక యువరోగి భుజం మీద చేయి వేసి, చికిత్స వలన ఏమి కాగలదో ఏమి కాలేదో దుబాసి ద్వారా వివరిస్తున్నారు. ఆ యువకుడు వెక్కి వెక్కి ఏడ్వసాగాడు. తాను ఏమైనా నొప్పించే మాట అన్నానేమోనని బ్రాండ్ కంగారుపడ్డారు. దుబాసి అడిగి చెప్పినదేమంటే, డాక్టరుగారు భుజం మీద చేయి వేసినందుకే ఏడుస్తున్నాడట. ఇక్కడికి వచ్చేవరకు ఎన్నో యేండ్లుగా తనను ఎవరూ ముట్టుకొనలేదట. ఆ చేయి చికిత్సలో భాగమని బ్రాండ్ అనుకొననైనా లేదు.

తెలుగునేల మీద కూడ ఈ పని అంతకు పూర్వమే మొదలయినది. నిజామాబాదు సమీపాన డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే వైద్యురాలు 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రి స్థాపించారు. దానికి పెద్ద విరాళమిచ్చినది నర్సాగౌడ్ అనే హిందూ దాత. కనికరం ఒక మతం వారి సొత్తు అనుకొనేవారు ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకొనడం మంచిది.

బ్రాండ్ కనుగొన్న అసలు విషయం వేరొకటి ఉన్నది. కుష్ఠులో వ్రేళ్లు కుళ్లి రాలిపోవు. నరాలు చచ్చి నొప్పి తెలియకపోవడం వలన అవి గాయపడి, గాయం మీద గాయమై, క్రమంగా తరిగిపోతాయి. ఒకసారి తుప్పుపట్టిన తాళం ఆయనకు తిరగకపోగా, ఒక రోగి బాలుడు చెవిని పట్టి ఇట్టే త్రిప్పివేసినాడు. వాని వ్రేలు ఎముక దాకా తెగింది. వానికి తెలియనే లేదు. రాత్రి నిద్రపోయిన రోగుల వ్రేళ్లను ఎలుకలు కొరికిపోయినా మెలకువ వచ్చేది కాదు. అందుకు విరుగుడుగా పిల్లులను పెంపించారు. నొప్పి అంటే శత్రువు కాదని, దేహానికి కాపలాదారని బ్రాండ్ జీవితాంతం బోధించారు.

పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పన్నెండవ అధ్యాయంలో సంఘాన్ని దేహంతో పోల్చి, ఒక అవయవం బాధపడితే అన్నీ బాధపడునని చెప్పాడు. ప్రసంగాలలో దీనిని ఐక్యతకు అలంకారంగా వాడుకొంటాము. వైద్యుని కంటితో చూస్తే అది పరీక్ష. వ్రేలు తెగినా మిగిలిన దేహానికి తెలియకపోతే ఆ దేహం ఆరోగ్యంగా ఉన్నట్లు కాదు, మొద్దుబారినట్లు. వెనుక వరుసలో కూర్చుండే వితంతువు మూడు ఆదివారాలు రాకపోయినా ఎవరికీ తెలియని సంఘం ఏ స్థితిలో ఉన్నదో వేరుగా చెప్పనక్కరలేదు.

చేతులు బాగయినంత మాత్రాన కథ ముగియలేదు. శస్త్రచికిత్స పొందిన కొందరు కొంతకాలానికి తిరిగివచ్చి, ఈ చేతులు బిచ్చానికి పనికిరావడం లేదని బ్రాండ్‌తో మొరపెట్టుకొన్నారు. వంకర చేతులకు జాలిపడి పైసలు వేసినవారు తిన్నని చేతులకు వేయరు. పని ఇవ్వమంటే మచ్చలు చూచి పొమ్మంటారు. అద్దెకు గది దొరకదు. అందుచేత రాయవేలూరులో వారికి వడ్రంగము మొదలయిన పనులు నేర్పే నవజీవ నిలయం ఏర్పడింది. శుద్ధుడైన రోగిని యేసు వెంటనే యాజకుని వద్దకు పంపడంలోని అర్థం ఇదే. రోగం పోయినదని ఊరు ఒప్పుకొనాలి; లేకపోతే బాగయినవాడు కూడ పాళెము వెలుపలనే మిగులుతాడు.

మన ఊరు ఒప్పుకొన్నదా? పలు మందులు కలిపి ఇచ్చే చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసింది. ఆరు నెలలు, లేదా ఒక సంవత్సరం మందు తింటే రోగం నయమవుతుంది. మందు మొదలుపెట్టిన కొద్దికాలానికే ఇతరులకు సోకే శక్తి పోతుంది. ఇది తెలిసిన ఇరువది యేండ్లకు, 2001లో, భారత క్రైస్తవుల విడాకుల చట్టాన్ని సవరించినప్పుడు, నయం కాని కుష్ఠును విడాకులకు ఒక కారణంగా చేర్చారు. నయమయ్యే రోగాన్ని నయం కానిదని చట్టంలో వ్రాసికొన్నాము! హిందూ వివాహ చట్టము మొదలయిన వాటిలో అది అంతకు ముందే ఉన్నది. 2019లో పార్లమెంటు అన్ని చట్టాల నుండి దానిని తొలగించింది. సుఖమందును దుఃఖమందును, ఆరోగ్యమందును వ్యాధియందును విడువనని బలిపీఠం ఎదుట ప్రమాణం చేయించే సంఘాలు ఆ పదునెనిమిది యేండ్లు ఈ నిబంధనను ఎంత సులభంగా భరించినాయో ఆలోచించదగినది.

తెలుగులో ‘అంటు’ అనే మాట విచిత్రమైనది. మైల అంటు. సోకే రోగం అంటురోగం. ఊరి వెలుపలకు నెట్టబడినవాడు అంటరానివాడు. తోటమాలి మాత్రం మేలిజాతి మామిడి కొమ్మను నాటు మొక్కకు కట్టి దానినీ అంటు అంటాడు. రెండింటికీ కత్తిగాటు పడాలి, గాటు గాటుకు తగలాలి, కట్టు బిగించి కొన్నాళ్లు ఓర్చాలి. అప్పుడు రసం ఇటు నుండి అటు ప్రవహిస్తుంది. రోమీయులకు వ్రాసిన పత్రికలో అడవి ఒలీవ కొమ్మను గూర్చి పౌలు చెప్పినదానికి తెలుగు బైబిలు కూడ ఈ అంటు మాటనే వాడింది. హగ్గయి ప్రవక్త కాలంలో యాజకులను అడిగితే, పవిత్రత ఒకరి నుండి ఒకరికి సోకదు, అపవిత్రత సోకుతుంది అన్నారు. గలిలయలో ఆ ప్రవాహం ఎదురు తిరిగింది. ముట్టుకొన్నవానికి మైల అంటలేదు. ముట్టబడినవానికి శుద్ధి అంటినది.

ఈ వాక్యం దినచర్యలోనికి వచ్చేది పెద్ద ఆశ్రమాలలో కాదు, వంటింటి గూటిలో. పనిమనిషికి విడిగా పెట్టిన గ్లాసు ఎన్ని క్రైస్తవ గృహాలలో ఉన్నదో ఆ గ్లాసులకే తెలుసు. క్షయ వచ్చి తగ్గిన బంధువు వచ్చి వెళ్లిన తరువాత ఆయన తాగిన కప్పును ఏమి చేస్తున్నామో వంటింటికి తెలుసు. కొన్ని క్రైస్తవ శ్మశానవాటికలలో కులాన్ని బట్టి గోడలు లేచినాయి. మరణం తరువాత కూడ మట్టి మట్టిని ముట్టరాదట. దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడి, 1950లో తన ఆరాధనక్రమాన్ని సిద్ధం చేసికొన్నప్పుడు, ప్రాచీన సంఘపు సమాధాన వందనాన్ని మరల తెచ్చి, బలిపీఠం నుండి చివరి వరుస వరకు చేతి నుండి చేతికి అందించే ఏర్పాటు చేసింది. ఊరిలో ఒకరినొకరు ముట్టరాని వారి పిల్లలు ఆ వరుసలలో ప్రక్కప్రక్కన కూర్చుండవచ్చునని ఆ క్రమాన్ని కూర్చినవారికి తెలియకపోలేదు. నేడు అనేక చోట్ల ఆ వందనం దూరం నుండి చేతులు జోడించడంగా మారింది. నమస్కారం మన మర్యాద, అందులో తప్పేమీ లేదు. ఎవరి చేతిని తప్పించుకొనడానికి జోడిస్తున్నామన్నదే ప్రశ్న.

మార్కు ఈ వృత్తాంతాన్ని స్వస్థతతో ముగించలేదు. ఎవరితోను చెప్పవద్దన్నా ఆ మనిషి ఊరంతా చాటినాడు. దానితో యేసు బహిరంగంగా పట్టణంలో ప్రవేశింపలేక వెలుపల నిర్జన ప్రదేశాలలో ఉండిపోవలసివచ్చింది. వెలుపల ఉన్నవాడు లోపలికి వచ్చాడు. ముట్టుకొన్నవాడు వెలుపలకు పోయాడు. అన్ని దిక్కుల నుండి జనులు అక్కడికే వచ్చినారు.