పోగు తెగితే మగ్గం మారుస్తామా?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే చిన్న స్టూడియోలకు ఒక సలహా ఊరకే దొరుకుతుంది: "ట్రాన్సిషన్ దగ్గర ప్రివ్యూ ఆగి ఆగి ఆడుతోందా? కొత్త కంప్యూటరు కొనండి." ఈ సలహాను నేను వ్యతిరేకిస్తున్నాను.

చాలాసార్లు లోపం యంత్రానిది కాదు. కెమెరాలు వాడే హెచ్.264 పద్ధతిలో ఎక్కువ ఫ్రేములు పూర్తి బొమ్మలు కావు. ఇతర ఫ్రేములతో ఉన్న తేడాలు మాత్రమే. ఒక దృశ్యం మరొకదానిలో కరిగేచోట రెండింటినీ విప్పి కలపాలి. సెకనుకు 25 ఫ్రేములంటే, ఒక్కోదానికి ఉన్న గడువు 40 మిల్లీసెకన్లు!

మందు ఖర్చులేనిదే. చిన్న పరిమాణంలో ప్రాక్సీ నకళ్ళు చేసుకోండి. ప్రివ్యూ స్పష్టతను తగ్గించండి. బరువైన ఎఫెక్టు ఉన్న ముక్కను ముందే రెండర్ చేయండి. డావించీ రిజాల్వ్ ఉచిత ప్రతిలోనూ ఈ సౌకర్యాలున్నాయి. చివరి వీడియోను అసలు ఫైళ్ళ నుంచే తీస్తే నాణ్యత రవ్వంత తగ్గదు.

"అంత ఓపిక ఎవరికుంది?" అంటారా? సెలవు దొరకక గల్ఫ్‌లోనే ఉండిపోయిన అన్నకు ఆ వీడియోయే పెళ్ళి. తాళి కట్టే క్షణాన్ని సాఫీగా చూడకుండా గుడ్డిగా అతికించడం ఆయనకు చేసే అన్యాయం. అందుకని అప్పుచేసి యంత్రం కొనడం మనకు మనం చేసుకునే అన్యాయం.

సిరిసిల్లలో పోగు తెగితే ముడి వేస్తారు, మగ్గం మార్చరు.