ఒరిగిన పావును ఎవరి కాలములో నిలుపవలెను?

కొన్ని యేండ్ల క్రిందట చదరంగపు పోటీ యొకదానికి పిల్లలను వెంటబెట్టుకొని పోయితిని. అది జరిగిన ఊరి పేరు ఇక్కడ అనవసరము. మన బాలునకు ఏనుగు ఒకటి ఎక్కువగా నుండెను. గెలుపు చేతి దూరములో నుండెను. ఇరువురకును నిమిషము కన్న తక్కువ కాలమే మిగిలియుండెను. ఎదుటివాడు, వయస్సున పెద్దవాడు, గుర్రమును జరుపుచు మంత్రిని, రెండు బంట్లను మోచేతితో పడద్రోసి, వానిని అట్లే విడిచి గడియారపు మీట నొక్కెను. మనవాడు వంగి, పడిన పావుల నేరి, దేని గడిలో దానిని నిలుపుచుండగా వాని కాలము తీఱిపోయినది. ఆట పోయినది.

"ఆ అన్న కావాలని పడెయ్యలేదు కదా సార్!" అని తిరుగుదారిలో బస్సులో నాతో అనెను.

ఆ బాలుని మనస్సు మంచిది, కాని లెక్క తప్పు. కావలెనని పడవేసినాడా లేదా యన్నది ఇక్కడ ప్రశ్నయే కాదు. ఆ పావులను ఎవరి కాలములో నిలుపవలెను అన్నదే ప్రశ్న. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య, అనగా ఫిడే, నిబంధనలలో దీనికి సమాధానము స్పష్టముగా నున్నది. పావులను చెదరగొట్టినవాడే తన గడియారము నడుచుచుండగా వానిని సరిదిద్దవలెను. పొరపాటున చేయి తగిలిన పావునే ఆడితీరవలెనని ఎవరును నిర్బంధింపరు. అంతవరకు నిర్దోషత్వమునకు మన్నన కలదు. కాని దిద్దుబాటు ఖర్చు మాత్రము చేయి తగిలించినవానిదే. కాలు తగిలి పొరుగింటి కుండ పగిలినచో, తెలియక జరిగినదని తిట్టు తప్పవచ్చును, కుండ వెల తప్పునా?

ఇది కఠినమే. 2019 డిసెంబరులో మాస్కోలో జరిగిన ప్రపంచ బ్లిట్జ్ పోటీని చూడుడు. ఒక్కొక్కరికి 3 నిమిషములు, ఎత్తునకు 2 సెకనులు మాత్రమే యిచ్చు ఆట అది. మాగ్నస్ కార్ల్‌సన్‌తో ఆడుచు పైచేయిగా నున్న 16 ఏండ్ల అలీరెజా ఫిరౌజా, తన చేతనే ఒరిగిన పావును నిలుపబోవునంతలో కాలము తీఱి ఓడిపోయెను. అతడు చేసికొన్న అభ్యర్థన నిలువలేదు. బాలుడని నాకు జాలి కలిగినది; ఐనను నష్టము అతని కాలమునకే పడుట న్యాయము. (అదే నెలలో అదే నగరమున మన గుడివాడ ఆడుబిడ్డ కోనేరు హంపి ప్రపంచ ర్యాపిడ్ విజేత యైనారు. ఈ త్వరిత క్రీడ మనకు దూరపుది కాదు.)

మన అరుగులమీద పులిమేక ఆడు పెద్దలకు ఈ చిక్కు లేదు. రాయి జరిగిన ఇద్దఱును కలిసి సర్దుకొందురు. చిత్తూరు సీమలో నేను ఉపాధ్యాయ శిక్షణ పొందునాడు వసతిగృహమున ఆడిన చదరంగమునకును గడియారము లేదు. అందుచేత ఈ నిబంధన నాకే ఆనాడు తెలియదు. ఆ బాలునకు నేర్పి పంపవలసినవాడను నేనే.

ఇట్టి వేళ గడియారము నాపి న్యాయనిర్ణేతను పిలుచు హక్కు ఇరువురకును కలదు. మన పిల్లలు దానిని వాడుకొనరు. న్యాయనిర్ణేత కన్నడములోనో ఆంగ్లములోనో అడుగును, తెలుగులో చదువుకొను బాలునకు మాట గొంతులోనే నిలిచిపోవును. గడియారము నాపుటకు భాష అక్కఱలేదు. ఆపి, చేయి యెత్తి, పడిన పావులను వ్రేలితో చూపిన చాలును. అంతవరకు వానిని ముట్టరాదు.

శిక్ష న్యాయనిర్ణేత విచక్షణకు విడువబడినది. బడిపిల్లల పోటీలో తొలి తప్పునకు ఆటనే తీసివేయుట నాకు సమ్మతము కాదు. హెచ్చరించి, ఎదుటివానికి కొంత కాలము కలిపిన చాలును. మరల అదే పని చేసి మీట నొక్కినవానియెడల నాకు ఈ మెత్తదనము లేదు.

వచ్చే పోటీకి ముందు ప్రతి బాలునిచేతను, ప్రతి బాలికచేతను ఒకసారి గడియారము నాపించి చూచెదను.