గర్భిణికి జ్వరం వస్తే ఊరుకోవద్దు

గర్భిణికి జ్వరం వస్తే "చలి తగిలిందిలే, అదే తగ్గుతుంది" అని ఊరుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. తీరా గర్భం పోతే తప్పంతా ఆమెదేనని నిందిస్తారు. ఈ రెండూ సరికాదని మా అభిప్రాయం. ఎందుకో చెబుతాము.

లిస్టీరియా అనే సూక్ష్మక్రిమి ఉన్నది. 1926లో ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో ముర్రే, వెబ్, స్వాన్ అనే శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలోని కుందేళ్లు, గినీ పందులలో దీనిని కనుగొన్నారు. మనుషులకు ఇది ముఖ్యంగా ఆహారం ద్వారా సోకుతుంది.

2006లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు చూలుతో ఉన్న గినీ పందులకు ఈ క్రిమిని ఎక్కించి పరిశీలించారు. మొదట మాయలోకి చేరిన క్రిములు బహు కొద్ది. తల్లి కాలేయం, ప్లీహంలోనే ఎక్కువ. అయితే మాయలో అవి త్వరగా పెరిగి, అక్కడినుండి మళ్లీ తల్లి అవయవాలలోకి వెదజల్లబడ్డాయి. చూలు లేని వాటిలో శరీరమే క్రిములను తొలగించుకున్నది. మాయలో చేరిన ఒక్క క్రిమి కూడా గర్భస్రావానికి చాలునని తేలింది.

గినీ పందిలో జరిగినదంతా స్త్రీలో అలాగే జరుగుతుందని మేము అనము. గర్భస్రావాలన్నిటికీ ఇదే కారణమనీ అనము. కానీ స్త్రీలలోనూ ఈ క్రిమి మాయను దాటి బిడ్డకు సోకుతుంది. తల్లికి కొద్దిపాటి జ్వరం, ఒళ్లునొప్పులే ఉండవచ్చు, బిడ్డ ప్రాణం మాత్రం పోవచ్చు. దక్షిణాఫ్రికాలో 2017-18లో తయారు మాంసం ద్వారా ఈ వ్యాధి వెయ్యిమందికి పైగా సోకగా, వారిలో చాలామంది నవజాత శిశువులే.

ఈ క్రిమి ఉన్న ఆహారానికి వాసన, రుచి మారవు. ఆ తల్లికి ఎలా తెలుస్తుంది? ఆమెను నిందించడం అన్యాయం.

మన చేతిలో ఉన్నది జాగ్రత్త. పాలు బాగా మరిగించి తాగాలి. ఫ్రిజ్ చలిలో కూడా ఈ క్రిమి పెరుగుతుంది గనుక, నిలవ ఉంచిన కూరను పొగలు వచ్చేదాకా వేడిచేయాలి. పచ్చి కూరగాయలు కడిగి తినాలి. మాంసం పూర్తిగా ఉడకాలి.

జ్వరం వస్తే ఆ రోజే డాక్టరుకు చూపించండి. రక్తపరీక్షతో ఈ క్రిమిని గుర్తించవచ్చు, ఆంపిసిలిన్ వంటి మందులకు లొంగుతుంది. అత్తగారు, భర్త ఆమె వెంట రావాలని మా మనవి.