పేరు వేఱు, ముద్ర వేఱు

హైదరాబాదు నగరమున మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములందలి అద్దాల మేడలలో పనిచేయు యువకుడొకడు ఒకనాటి ఉదయమున ఎప్పటివలెనే కంప్యూటరు తెఱచును. అది యతనిని లోనికి రానీయదు. కొంతసేపటికి సంస్థవారి లేఖ వచ్చును. మధ్యాహ్నమునకు ఉద్యోగము లేదు. సాయంకాలమునకు ఉపదేశకులు సిద్ధముగా నుందురు. “దిగులుపడకుము. నిన్ను నీవొక బ్రాండుగా నిర్మించుకొనుము. లింక్డిన్‌లో దినమునకొక వ్యాసము వ్రాయుము. మంచి ఫొటో పెట్టుము. నీ కథ చెప్పుము. అవకాశములు నిన్ను వెదకికొని వచ్చును” అని వారి బోధ. ఈ మాట స్నేహితుల నోటను, బంధువుల నోటను, రుసుము పుచ్చుకొని నేర్పు గురువుల నోటను ఒక్క తీరుగనే వినబడుచున్నది. ఇది హితోపదేశము కాదనియు, పని పోయినవానికి సాయపడు నెపమున అతని నోరు మూయుచున్నదనియు మా యభిప్రాయము. అట్లేల యనుచున్నామో విన్నవించెదము.

ముందుగా ఆ మాటనే విచారింతము. ఇంగ్లీషున బ్రాండనగా మొదట కాల్చివేసిన గుర్తు. మందలోని పశువు ఎవరి సొత్తో తెలియుటకై ఎఱ్ఱగా కాచిన ఇనుముతో వేయు ముద్ర. మన పల్లెలలో దీనిని వాత యందురు. అది పశువు మీదినుండి సరకుల పెట్టెల మీదికిని, సబ్బుబిళ్ళల మీదికిని ఎక్కి, నేడు మనుష్యుని మీదికి ఎక్కినది. పశువునకైనను వాత పరులు వేయుదురు. ఈ కాలపు నిరుద్యోగి మాత్రము తన వాత తానే పెట్టుకొనవలెనట! తెలుగువారికి ఇందుకు బదులుగా మఱియొక మాట కలదు. అది పేరు. పేరు తెచ్చుకొనుట, పేరు నిలుపుట, పేరు చెడుట అని మనము నిత్యమును పలుకుచున్నాము. పేరు మన పని చూచినవారు మనకిచ్చునది. ముద్ర ఎవరికి వారు వేసికొనవచ్చును. పేరు మాత్రము ఇతరుల నోటనుండియే రావలెను.

ఈ బోధ పురాతనమైనదియు కాదు. 1997లో టామ్ పీటర్స్ అను అమెరికా వ్యాపార రచయిత ‘ఫాస్ట్ కంపెనీ’ పత్రికలో, ప్రతి ఉద్యోగియు తన్ను తానొక సరకుముద్రగా నెంచుకొని తన ప్రచారమును తానే నడపుకొనవలెనని వ్రాసి దీనికి ప్రసిద్ధి కలిగించెను. 2003లో లింక్డిన్ ఆరంభమయ్యెను. 2016లో మైక్రోసాఫ్టు సంస్థ దానిని 2,620 కోట్ల డాలర్లకు కొనెను. ఉద్యోగులను వెదకు సంస్థలు, ప్రకటనలిచ్చువారు, చందాలు కట్టువారు దానికి రాబడినిచ్చుచున్నారు. జనము అచట ఎంత వ్రాసి, ఎంతసేపు చదివిన దానికంత లాభము. సంతలో అమ్మినవాడు నష్టపోయినను, కొన్నవాడు నష్టపోయినను, ఆశీలు వసూలు చేయువానికి నష్టము లేదు గదా! దినమునకొక వ్యాసము వ్రాయుమను బోధ ఎవరికి తప్పక లాభించునో పాఠకులే గ్రహింతురు.

ఇంతకును ఈ యువకుడు చేసిన తప్పేమి? 2022 నవంబరులో మెటా సంస్థ 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ సుమారు 12,000 మందిని, అదే నెలలో మైక్రోసాఫ్టు 10,000 మందిని తీసివేయుచున్నట్లు ప్రకటించెను. అప్పుడు మెటా, గూగుల్ అధిపతులే తమ లేఖలలో, కోవిడు కాలపు వృద్ధి నిలుచునని తలచి విరివిగా మనుష్యులను చేర్చుకొంటిమనియు, బాధ్యత తమదేయనియు ఒప్పుకొనిరి. 2025 జులైలో మన దేశపు టీసీఎస్ సంస్థయు తన సిబ్బందిలో సుమారు 2 శాతమును, అనగా 12,000 మందికి పైబడి, తగ్గింతుమని తెలిపెను. అంచనా తప్పినది యజమానికి. ఆ తప్పును అతడే ఒప్పుకొనినాడు. అయినను మఱునాటినుండి తన్ను తాను దిద్దుకొనవలసినవాడు, రంగు పూసికొనవలసినవాడు పనివాడట! వంతెన కూలిన పిదప ఇంజనీరును విడిచి, ఏటిలో పడినవానికి ఈత రాదని నిందించుట ఎట్టిదో ఇదియు నట్టిదే.

ఇక నతడు వ్రాయు వ్రాతలను చూడుడు. తీసివేసిన సంస్థకు కృతజ్ఞత. తీసివేత నేర్పిన పాఠములు అయిదు. ‘ఇది అంతము కాదు, ఆరంభము’ అను ధైర్యవచనము. వీనిలో ఒక్కటియైనను అతని హృదయమున పుట్టినదా? ఇంటి వాయిదా ఎట్లు కట్టుదునని రాత్రి నిద్రలేక దొర్లినవాడు ఉదయమున చిఱునవ్వు ఫొటో క్రింద ఈ మాటలు వ్రాయుచున్నాడు. ఏలయన రేపటి యజమాని చదువును. నిజము వ్రాసిన ‘వీడు సణుగువాడు’ అనునని భయము. 2020లో లింక్డిన్ వారు ‘పని వెదకుచున్నాను’ అని తెలుపు పచ్చని వలయమును ఫొటో చుట్టును పెట్టుకొను వీలు కల్పించిరి. అంతకంటె సూటియైన మాట లేదు. దానిని చూచి కూడ ఉపదేశకులలో కొందఱు “దీనముగా కనబడును, తీసివేయుము” అందురు. పని కావలసినవాడు పని కావలెనని చెప్పుటయు తప్పేనా? ఆకలిగొన్నవాడు త్రేన్పు నటింపవలెననుటకును దీనికిని భేదమేమి?

ఈ నటన వలన వచ్చు హాని ఒక్కరితో పోదు. వేలమందికి ఒక్కసారిగా కలిగిన కష్టము వేలమంది విడివిడిగా దాచుకొను కష్టమగుచున్నది. ప్రక్కవాడు తనకు సహచరుడు కాక, తన ముద్రతో పోటీపడు మఱియొక ముద్రయగుచున్నాడు. ఇట్టి చోట ‘మనకు జరిగినది న్యాయమా?’ అను ప్రశ్న పుట్టదు. పుట్టినను పెదవి దాటదు.

“అట్లయిన మూల గూర్చుండిన ఉద్యోగము వచ్చునా? నలుగురికి తెలియవలదా?” అని ఎదుటివారు అడుగుదురు. తెలియవలెను. దీనిని మేము కాదనము. 1970 ప్రాంతమున అమెరికాలోని న్యూటన్ పట్టణమున మార్క్ గ్రనొవెటర్ అను సమాజశాస్త్రజ్ఞుడు విచారింపగా, తెలిసినవారి మూలమున ఉద్యోగము పొందినవారిలో ఎక్కువమందికి ఆ సమాచారము ఆప్తమిత్రులనుండి కాక, అప్పుడప్పుడు కలిసికొను పరిచితులనుండి వచ్చెనని తేలినది. 2022లో లింక్డిన్‌లోని రెండు కోట్లమంది వివరములను పరిశీలించిన పండితులును ఇంచుమించుగ నట్లే చెప్పిరి. కాని ఈ పరిశోధనలు చెప్పినది పరిచయమును గూర్చి. పాత కార్యాలయమున మూడేండ్ల క్రిందట ప్రక్క జట్టులో నుండి మన పని చూచినవాడు పరిచితుడు. మన వ్యాసము క్రింద చప్పట్ల గుర్తు పెట్టి సాగిపోవువాడు ప్రేక్షకుడు. పదివేలమంది ప్రేక్షకులకంటె, “ఈతడు నాతో పనిచేసెను, నమ్మవచ్చును” అను పరిచితుడొక్కడు మేలు.

కావున తన పని తాను చెప్పుకొనుట దోషము కాదు. సంతలో కుమ్మరి కుండను వ్రేలితో కొట్టి మ్రోగించి చూపును. కొనువాడును కొట్టి చూచుకొనును. అందు కపటము లేదు. ఏమి చేసితిమి, ఏమి వచ్చును, ఏ పని కావలెను అని నాలుగు వాక్యములలో వ్రాసి పెట్టుడు. అది కుండను మ్రోగించుట. కుండను ప్రక్కన బెట్టి దినమును గంతులు వేయుటయే మేము నిందించు విషయము.

అయితే ఈ పాపములో సగము మన యిండ్లదని చెప్పక తప్పదు. మనవాడు నవ్వు ముఖము పెట్టుట యజమాని కొఱకు మాత్రమే కాదు, మన కొఱకును. పెండ్లిచూపులలో పిల్లవాని గుణమునకు ముందు ‘ప్యాకేజి ఎంత?’ అని అడుగువారము మనమే గదా! ఉద్యోగము పోయిన అల్లుడు పండుగకు రాకపోయిన బాగుండునని తలచువారు మనలో లేరా? అమెరికాలో హెచ్-1బి వీసా మీద నున్నవానికి పని పోయిన, 2017నుండి అమలులోనున్న నియమము ననుసరించి, గరిష్ఠముగా 60 దినముల గడువు. అంతలో మఱియొక యజమాని దొరకవలెను, లేదా వేఱొక వీసాకు దరఖాస్తు పెట్టవలెను, లేదా దేశము విడువవలెను. ఆ దినములలో గుంటూరుననో కరీంనగరుననో ఉన్న తల్లిదండ్రులతో వారమువారము మాటాడుచు “అంతయు బాగున్నది నాన్నా” యను కుమారులెందఱు! మన పరువునకు వెఱచియే వారట్లనుచున్నారు. కొలువు పోయిన కుమారుని సంగతి వీథిలో తలయెత్తి చెప్పగల తండ్రి యున్న యింట, ఆ కుమారునకు వాత పెట్టుకొనవలసిన యక్కఱ సగము తీఱును.

మఱి చేయవలసినదేమి? మొదటిది, బలవంతము మీద రాజీనామా వ్రాసి యీయకుడు. పారిశ్రామిక వివాదముల చట్టమునకు 1953లో చేసిన సవరణ వలన, ఒక యేడు ఎడతెగక పనిచేసిన కార్మికుని తీసివేయుటకు ఒక నెల నోటీసో దానికి బదులు జీతమో ఇచ్చి, నిండిన ప్రతి సంవత్సరమునకు 15 దినముల సగటు వేతనము చెల్లింపవలెనను విధి ఏర్పడినది. 2020 నాటి పారిశ్రామిక సంబంధముల స్మృతియు ఈ విధిని నిలిపినది. నిర్వాహక పదవులలోనివారు దీని క్రిందికి రారు గాని, ఎవరు వచ్చెదరో న్యాయవాది నడుగక విడువరాదు. తనంతట తాను మానుకొంటినని వ్రాసియిచ్చినవానికి ఈ పరిహారమడుగు దారి మూసికొనిపోవును. కాగితము మీద సంతకము పెట్టుటకు ముందు గడుపు ఒక్క గంట, వ్యాసములు వ్రాయుచు గడుపు నెలకంటె విలువైనది.

రెండవది, ఒకే లేఖతో పంపివేయబడినవారు ఒకరినొకరు వెదకికొనుడు. ఎవరికేమి చెల్లించిరో, ఎవరిచేత ఏమి వ్రాయించుకొనిరో సరిచూచుకొనుడు. మూడవది, ఉద్యోగములలో నున్నవారికి మా మనవి. పాత సహచరుని వ్రాత క్రింద గుర్తు పెట్టి ఊరకుండకుడు. అతనికి ఫోను చేయుడు. మీ సంస్థలో ఖాళీ యున్న అతని పేరు మీరే చెప్పుడు. పేరు ఇతరుల నోటనుండి రావలెనని పైన జెప్పితిమి. ఆ ఇతరులు మీరే.

పనివాడు సరకు కాడు. అతని పని అమ్మకమునకు గలదు, అతని ముఖము కాదు. పని పోయినవాడు “నాకు పని పోయినది, పని కావలెను” అని వెఱపులేక చెప్పగల దేశమును, అది విని మొగము త్రిప్పుకొనని యిండ్లను మనము కట్టుకొనవలెను. అంతవఱకు ఈ వాతల సంతలో ఆశీలువాడొక్కడే బాగుపడును.