రెండు రూపాయల వడ్డీకి సూటు తొడిగితే

ఒక పెద్దమనిషి కెరీర్ కథ చెప్తా, వినండి.

విక్రమ్ ఆకుల. హైదరాబాద్‌లో పుట్టి అమెరికాలో పెరిగాడు. బ్యాంకులు మనల్ని గడప తొక్కనివ్వని రోజుల్లో, 1997లో, మెదక్ జిల్లాలో ‘స్వయం కృషి సంగమ్’ పెట్టాడు. అదే ఎస్‌కేఎస్. పూచీకత్తు అడక్కుండా పేద ఆడవాళ్లకు అప్పులిచ్చాడు. మంచి పనే, కాదనం.

ఆ తర్వాత సేవాసంస్థ కాస్తా కంపెనీ అయింది. 2006లో టైమ్ పత్రిక ఆయన్ని ప్రపంచంలోని వందమంది ప్రభావశీలుల్లో చేర్చింది. 2010లో కంపెనీ షేర్ మార్కెట్‌కెక్కింది. ఒక్కో షేరు 985 రూపాయలు. వచ్చింది సుమారు 1,650 కోట్లు. పేదల మీద లాభాలేంటని గ్రామీణ్ బ్యాంక్ యూనస్ కూడా తప్పుపట్టాడు.

మరి అప్పు తీసుకున్న అక్క ఎంత కట్టింది? ఏడాదికి 24 శాతం పైనే. మన లెక్కలో రెండు రూపాయల వడ్డీ! ఊర్లో షావుకారు తీసుకుంటే అది వడ్డీ వ్యాపారం. సూటేసుకున్నాయన తీసుకుంటే పేదరిక నిర్మూలనా? అదే కాలంలో ప్రభుత్వం డ్వాక్రా సంఘాలకు పావలా వడ్డీ పథకం నడిపింది. అంటే తక్కువ వడ్డీకి ఇవ్వడం సాధ్యమే.

పూచీకత్తు లేదన్నారు గానీ, పరువే తాకట్టు. అయిదుగురిది ఒక గ్రూపు. వారం వారం కిస్తీ. ఒకరు కట్టకపోతే మిగతా నలుగురూ ఆమె గుమ్మం ముందు నిలబడాలి. కంపెనీ మనిషి తిట్టక్కర్లేదు, పక్కింటి వదినే తిడుతుంది. తండా కట్టుబాటునే వసూలు యంత్రంగా మార్చేశారు.

అప్పుల ఒత్తిడితో ఆత్మహత్యలని వార్తలొచ్చాక, 2010 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వారం కిస్తీలు, ఇంటికొచ్చి వసూళ్లు బందయ్యాయి. 2011 నవంబర్‌లో ఆకుల కంపెనీ వదిలి వెళ్లిపోయాడు. ఆయనకు అదొక రాజీనామా. అప్పున్న ఇంటికి రాజీనామా ఎక్కడుంది?

ఇది పాత కథ అనుకోవద్దు. ఆ గొడవ తర్వాత రిజర్వ్ బ్యాంక్ మైక్రోఫైనాన్స్ వడ్డీకి 26 శాతం పరిమితి పెట్టింది. 2022లో వడ్డీ పరిమితే ఎత్తేసింది.

గుర్రంకొండ, మదనపల్లె వైపు సుగాలీ తండాల్లో, యానాది కాలనీల్లో ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! అమ్మ వేలిముద్ర వేసే ముందు ఆ కాగితం మీరు చదవండి. ఏడాదికి వడ్డీ ఎంతో అడగండి. కిస్తీ భారం ఇంటి ఆదాయంలో సగం దాటకూడదు, సాయంత్రం ఆరు దాటాక వసూలుకు రాకూడదు. ఇవి రిజర్వ్ బ్యాంక్ రాసిన రూల్సే. రాత్రిపూట తలుపు కొడితే ఆ రూల్ చూపించండి.

మనకు అప్పిచ్చి ఉద్ధరించే దేవుళ్లు అక్కర్లేదు. తక్కువ వడ్డీకి ప్రభుత్వ బ్యాంకు అప్పు కావాలి. అది దయ కాదు, హక్కు.